ముచ్చిక తీయని ఆకు

పున్నమ్మ పార్కులోకి వస్తోందంటే మనిషి కంటే ముందు ఘాటు వచ్చేది. గేటు దగ్గర ఒకరు తుమ్మేవారు, గులాబీ మడి దగ్గర ఇంకొకరు, రేడియో గది మెట్ల మీద మరొకరు. ఆ తుమ్ముల వరసను బట్టి, ఆమె ఎంతవరకు వచ్చిందో తోటమాలి బుల్లయ్య తలెత్తకుండానే చెప్పేవాడు. పున్నమ్మకు మాత్రం ఏ ఘాటూ తెలిసేది కాదు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా గోడౌనులో మిరపకాయల రాశి ముందు కూర్చుని తొడిమలు, అదే ముచ్చికలు, తీసే మనిషికి ఘాటేమిటి, గాలేమిటి, రెండూ ఒకటే.

ఆమెది మార్టూరు పక్కన చిన్న పల్లె. మొగుడు పోయాక కౌలు పొలం వదిలేసి, గుంటూరులో కాపురముంటున్న కూతురు కోటిరత్నం దగ్గరికి వచ్చింది. అల్లుడింట్లో ఊరికే కూర్చుని తినడం ఆమె ఒంటికి పడదు. వచ్చిన వారానికే గోడౌనులో పని చూసుకుంది. పని దొరికింది గానీ ఊరు మాత్రం దొరకలేదు. గుంటూరంటే ఆమెకు పని చేసే చోటు ఒకటి, పడుకునే చోటు ఒకటి, ఆ రెండింటి మధ్య రెండు మైళ్ళ రోడ్డు. ఇంతోటి దానికి ఊరని పేరెందుకని మొదటి రెండు నెలలూ విసుక్కుంటూనే తిరిగింది.

పార్కులోకి మొదటిసారి వచ్చింది కూడా ముచ్చటపడి కాదు. ఆ రోజు కొత్త కాయ బాగా కారంగా ఉండి చేతులు భగభగ మండిపోతుంటే, దోవలో కుళాయి కనిపించి జొరబడింది. బుల్లయ్య పరుగెత్తుకొచ్చాడు.

"ఏయ్! ఆ నీళ్ళు మొక్కలకమ్మా!"

"నేనూ మొక్కనే అనుకోవయ్యా. మండి చస్తన్నా ఈడ," అంది పున్నమ్మ, చేతులు కుళాయి కిందనే ఉంచి.

బుల్లయ్యకు నవ్వొచ్చింది. నవ్వాడు కాబట్టి ఇక తరమలేకపోయాడు. ఆమె తడిచేతులు ఆరబెట్టుకుంటూ బాదం చెట్టు కింద ఉన్న సిమెంటు బల్ల మీద కూర్చుంది. కాసేపు ఆగి పోదామనుకుంది. అది మాఘమాసం, బాదం ఆకులు ఎర్రబారి ఒక్కొక్కటే రాలుతున్నాయి. బల్ల మీద నాలుగు, కాళ్ళ దగ్గర పది.

ఇంటికి బయలుదేరబోతూ కిందికి చూసుకుని పున్నమ్మ సిగ్గుపడింది. కాళ్ళ దగ్గర ఒకవైపు ఆకుల కుప్ప, ఇంకోవైపు తొడిమల కుప్ప. కూర్చున్నంతసేపూ చేతులు వాటంతట అవే ఎర్రటి ఆకు దొరకడం ఆలస్యం, ముచ్చిక తీసి పారేశాయి. మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆ రోజూ రెండు కుప్పలే. ఆ మర్నాడూ అంతే. బుల్లయ్య పొద్దున చీపురు పట్టుకుని ఆ కుప్పలు చూసి, "అక్కా, జీతం లేకుండా ఓవరుటైము చేస్తన్నావే," అని ఆటపట్టించేవాడు.

పార్కులో రేడియో ఉండేది. అందుకే జనం దాన్ని రేడియో పార్కు అనేవారు. అయిదున్నరకు బుల్లయ్య గది తాళం తీసి మర తిప్పితే, స్తంభం మీది గొట్టం గరగరమని గొంతు సవరించుకుని మాట్లాడేది. పున్నమ్మకు పాటలు సరేసరి, రైతుల కార్యక్రమం వచ్చిందంటే ఇక ఆగేది కాదు. గొట్టం వైపు తిరిగి వాదనకు దిగేది.

"జానెడు లోతు దున్నమంటాడేంది వీడు! ఆ నల్లరేగట్లో ఎప్పుడన్నా కాలు పెట్టాడా? పెట్టుంటే చెప్పు ఊడి బురదలోనే ఉండిపోయేది."

పక్క బల్ల ప్లీడరు కోటిలింగం గారిది. బ్రాడీపేటలో ఇల్లు, మల్లెపువ్వులాంటి పంచె, చేతికర్ర. కోర్టు పని మానేసి ఏడాదైంది. పార్కు బాగోగులు చూసే పెద్దల సంఘానికి ఆయనే అధ్యక్షుడు. పున్నమ్మ వచ్చినప్పటి నుంచీ ఆయన పత్రిక చదవడం తక్కువ, తుమ్మడం ఎక్కువైంది. అయినా బల్ల మారలేదు. ఆమె గొట్టంతో పోట్లాడుతుంటే పత్రిక మొహానికి అడ్డం పెట్టుకునేవాడు. పత్రిక మాత్రం కదులుతూ ఉండేది. నవ్వో తుమ్మో ఆయనకే తెలియాలి.

ఏడాది తిరిగేసరికి పున్నమ్మకు ఆ పార్కు అణువణువూ తెలిసిపోయింది. తన బల్లకు ఎడమవైపు పగులు, ఆ పగుల్లోంచి ఎర్రచీమల దారి, ఏ వేళకు నీడ ఎక్కడికి జరుగుతుందో, ఏ మొగ్గ ఎప్పుడు విచ్చుకుంటుందో. గోడౌనులో పొద్దున్నే, "సాయంత్రం నా బల్ల కాడ..." అని మొదలుపెడితే, పక్కన కూర్చునే మౌలాబీ నవ్వేది.

"నీ బల్లేంది వదినా, రాయించుకున్నావా?"

"కూర్చున్నాగా. ఇంకా రాయించుకోడం ఎందుకు?"

ఆ ఏడాదిలో ఇంకొకటి జరిగింది. ఒక సాయంత్రం లేవబోతూ అలవాటుగా కిందికి చూసుకుంటే, కుప్పల్లేవు. ఆకులు రాలినవి రాలినట్టే ఉన్నాయి. చేతులు ఒళ్ళో వెల్లకిలా పడి ఉన్నాయి. పున్నమ్మ వాటిని తిప్పి తిప్పి చూసుకుంది. కలుపు తీసి, నాటు వేసి, పత్తి ఏరి, పాలు పితికి, పిడకలు కొట్టి, ముచ్చికలు తీసిన చేతులు. బుద్ధెరిగాక అవి ఊరికే ఉండడం ఆమె ఎరగదు. అప్పుడామెకు చెప్పలేనంత సంతోషమేసింది. గుంటూరు తన ఊరైంది కూడా ఆ సాయంత్రమే.

సరిగ్గా అలాంటప్పుడే గేటుకు బోర్డు వేలాడింది. పున్నమ్మకు చదువు రాదు. బుల్లయ్య ఆమె మొహం చూడకుండా చదివాడు.

"పని బట్టలతో వచ్చే మిరప కూలీలకు ప్రవేశం లేదు. ఇట్లు, పార్కు సంఘం." ఆగి, గొంతు తగ్గించి అన్నాడు. "నేనేం చెయ్యనక్కా. తుమ్ములతో పడలేకపోతన్నామని అందరూ సంతకాలు పెట్టారంట. ప్లీడరు గారు కూడా."

ఇంటికి పోయి, తలారా స్నానం చేసి, చీర మార్చుకుని తిరిగి వద్దామని చూసింది. ఇల్లు పాతగుంటూరులో. నడిచిపోయి నడిచొచ్చేసరికి రేడియో కట్టేసి బుల్లయ్య గేటుకు గొలుసు చుడుతున్నాడు. రెండు రోజులు అలా తిరిగి, మూడో రోజు రోడ్డుకు ఇవతల మూసేసిన కొట్టు మెట్టు మీద కూర్చుంది. గొట్టం మాట అక్కడికీ వినిపిస్తుంది. కానీ అక్కడి నుంచి వాదించబుద్ధి కాలేదు. కంచె సందుల్లోంచి తన బల్ల కనిపిస్తోంది, ఖాళీగా. ఎవరన్నా కూర్చున్నా ఇంత బాధ ఉండేది కాదు. మొగుడు పోయినప్పుడు పొలం గట్టు మీద నిలబడి ఏడ్చిన ఏడుపు మళ్ళీ గొంతులోకొచ్చింది. పున్నమ్మ దాన్ని మింగేసింది. ఏడిస్తే లోపలికి రానిస్తారా? రానివ్వరు. మరెందుకు ఏడవడం?

పది రోజులు మెట్టు మీదే గడిచాయి. పదకొండో రోజు ఆమె కంటికి మేకలు పడ్డాయి. కంచెలో ఒకచోట సందు చేసుకుని ఆరు మేకలు దూరాయి. బంతి మడి సగం అయిపోయింది. బుల్లయ్య ఒకవైపు తోలితే ఇంకోవైపు దూరుతున్నాయి. పున్నమ్మ రోడ్డు దాటి కంచె దగ్గరికొచ్చింది.

"రోజూ మధ్యాహ్నమే వచ్చేవక్కా, ఇవాళ ఈ వేళకూ వదల్లేదు," అన్నాడు బుల్లయ్య రొప్పుతూ. "ఆదివారం పూల ప్రదర్శన. మద్రాసు నుంచో హైదరాబాదు నుంచో పెద్ద ఆఫీసరొస్తాడంట. అప్పటికి పూలు లేకపోతే నా పని పోయినట్టే."

"కంచెకు పేడనీళ్ళు కొట్టలేదా?"

"కొట్టా. బస్తీ మేకలు, పేడకు జడుస్తాయా?"

పున్నమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "మా ఊళ్ళో కాయగూరల మడికి పేడనీళ్ళలో కారప్పొట్టు కలిపి పూస్తాం. ఒక్కసారి మూతి పెట్టిన మేక మళ్ళీ ఆ వీధి మొహం చూడదు. నువ్వు పేడ చూసుకో, పొట్టు సంగతి నాకొదిలెయ్."

గోడౌనులో ఊడ్చిపారేసే పొట్టుకు కొదవేముంది? శనివారం తెల్లవారుజామున పనికి పోయే ముందు, పున్నమ్మా మౌలాబీ రెండు గంపల పొట్టు తెచ్చి, బుల్లయ్య ఇచ్చిన బకెట్లలో కలిపి, కంచె పొడుగునా దట్టంగా పూశారు. అంతా రోడ్డు వైపు నుంచే. బోర్డు దాటి పున్నమ్మ అడుగు లోపల పెట్టలేదు. ఆ రోజు సాయంత్రం మేకలు వచ్చాయి, వాసన చూశాయి, ఆరూ వరసగా తుమ్మి వచ్చిన దారినే పోయాయి. బుల్లయ్య కంచె అవతలి నుంచి చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

పున్నమ్మ లెక్క అంతా సరిగ్గానే ఉంది, ఒక్కచోట తప్ప. పల్లెలో ఆ పూత చేను చుట్టూ ఉంటుంది. అక్కడ కంచె పక్కన షామియానా వేసుకుని ఎవరూ ఉపన్యాసాలు వినరు. ఇక్కడ వింటారు. పైగా శనివారమంతా ఎండ కాసి పూత పెళపెళ ఎండిపోయింది. ఆదివారం నాలుగింటికి ఆఫీసరు గారు మైకు ముందు నిలబడేసరికి పడమటి గాలి లేచింది.

"పూలు మన జీవితంలో..." అని ఆఫీసరు గారు తుమ్మాడు. మైకు దాన్ని స్తంభం మీది గొట్టంలోకి పంపింది, గొట్టం వీధి చివరి దాకా పంపింది. ఆయన మళ్ళీ "పూలు" అన్నాడు, మళ్ళీ తుమ్మాడు. అప్పటికి ముందు వరస అందుకుంది. తర్వాత రెండో వరస, ఆ వెనక పేరంటానికి వచ్చినట్టు పట్టుచీరలు కట్టుకొచ్చిన ఆడవాళ్ళు. ఆహ్వానగీతం పాడిన పిల్లలకు మాత్రం అంతకన్నా ఆనందం లేదు, పోటీ పడి తుమ్ముతున్నారు. ఆ రోజు ఒక పూటే పని కావడంతో పని చీరతోనే వచ్చి వీధిలో మెట్టు మీద కూర్చున్న పున్నమ్మకు సంగతి అర్థమైంది.

కోటిలింగం గారు ఎర్రబడిన కళ్ళతో లేచాడు. "ఎవడి పని ఇది? బుల్లయ్యా! కంచెకేం పూశావు? రేపటి నుంచి నీకిక్కడ పని లేదు!"

బుల్లయ్య తల వంచుకున్నాడే గానీ ఆమె పేరు చెప్పలేదు. పున్నమ్మ లేచింది. రోడ్డు దాటింది, బోర్డు దాటింది, తడబడకుండా షామియానా మధ్య నుంచి నడిచొచ్చి ప్లీడరు గారి ఎదుట నిలబడింది.

"ఆయన్ననకండయ్యా. పూసింది నేను."

"నువ్వా? నిన్ను లోపలికి రావద్దన్నాం కదమ్మా!"

"రాలేదండయ్యా, బయట నుంచే పూశా. ఇప్పుడొచ్చానంటే, మీరు తప్పు చెయ్యని మనిషిని అంటన్నారని."

ఆఫీసరు గారు కళ్ళు తుడుచుకుంటూ ఆసక్తిగా ముందుకు వంగాడు. "రావద్దన్న పార్కుకు నువ్వెందుకమ్మా కాపలా కాయడం?"

"రావద్దన్నది వీళ్ళండీ," అంది పున్నమ్మ. "పార్కు అనలేదుగా."

ఆమె రెండు చేతులూ ముందుకు చాపింది. వేళ్ళ కొసలు చర్మం లేచి ఎర్రగా ఉన్నాయి.

"నాకు యాభై ఏళ్ళండయ్యా. ఈ చేతులు ఊరికే ఉన్న చోటు ఈ భూమ్మీద ఇదొక్కటే, ఆ బాదం చెట్టు కింద. అందుకని ఇది నాదనుకున్నా. నాదనుకున్నాక మేకలు తింటంటే చూస్తా కూర్చోలేను. తుమ్మించినందుకు తప్పే, ఒప్పుకుంటా. మేకల్ని చూసుకున్నా గానీ గాలిని చూసుకోలేదు."

"పార్కు అందరిదీనమ్మా, కాదనను," అన్నాడు కోటిలింగం గారు, గొంతు కాస్త తగ్గించి. "కానీ ఆ ఘాటు..."

"ఒకటడుగుతా చెప్పండయ్యా. పొద్దున మీరు అన్నంలో ఆవకాయ కలుపుకున్నారా లేదా?"

"కలుపుకున్నాను. అయితే?"

"ఆ కారం మాబోటోళ్ళ చేతుల మీదుగానే వచ్చింది. అది మీ వంటింట్లోకి రావచ్చు, మీ కంచంలోకి రావచ్చు, మీ కడుపులోకి పోవచ్చు. ఆ చేతులు వచ్చి ఈ బల్ల మీద గంటసేపు కూర్చోకూడదా?"

ముప్ఫై ఏళ్ళు కోర్టులో ఎదుటి ప్లీడరుకు జవాబివ్వకుండా ఏనాడూ కూర్చోని మనిషి కోటిలింగం గారు. ఇప్పుడూ జవాబుకే నోరు తెరిచాడు. తుమ్మొచ్చింది. అందరికన్నా పెద్ద తుమ్ము. ఆఫీసరు గారు ముందు నవ్వాడు, తర్వాత ఇక ఎవర్నీ ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఆ నవ్వుల మధ్య ఆఫీసరు గారు మడుల వైపు చెయ్యి చూపించాడు. బంతి, జీనియా, గులాబీ, మేక నోట పడకుండా మిగిలినవి మిగిలినట్టు నిండుగా ఉన్నాయి.

"పూలయితే మిగిలాయి కదండీ ప్లీడరు గారూ," అన్నాడు.

కోటిలింగం గారు రుమాలుతో ముక్కు తుడుచుకుని, "బుల్లయ్యా, ఆ గేటుకున్న బోర్డు..." అన్నాడు. అంతలో మళ్ళీ తుమ్మొచ్చింది. బుల్లయ్య మిగతా వాక్యం కోసం ఆగలేదు. పరుగున పోయి బోర్డు పీకి, రెండు ముక్కలు చేసి పొయ్యిలోకని చంకన పెట్టుకున్నాడు. కోటిలింగం గారు అది చూశాడు. ఆ వాక్యాన్ని ఆయన మళ్ళీ ఎప్పుడూ పూర్తి చేయలేదు.

మర్నాడు అయిదున్నరకు గేటు దగ్గర ఒకరు తుమ్మారు. తర్వాత గులాబీ మడి దగ్గర, రేడియో గది మెట్ల మీద. బుల్లయ్య తలెత్తకుండానే నవ్వుకుని మర తిప్పాడు.

పున్నమ్మ చేతులు కడుక్కుని తన బల్ల మీద కూర్చుంది. పక్క బల్ల మీద కోటిలింగం గారు పత్రిక దించి, గాలి ఎటు వీస్తోందో చూసి, తన బల్లకు ఆ చివరికి జరిగాడు. లేచి పోలేదు.

"ఈ రెండు వారాలూ రైతుల కార్యక్రమం చప్పగా ఉందమ్మా," అన్నాడు, పత్రికకు చెప్పినట్టుగా. "ఎవరూ కాదనేవాళ్ళు లేక."

గొట్టం గరగరమంది. మీది నుంచి ఎర్రగా పండిన బాదం ఆకొకటి తిరుగుతూ వచ్చి పున్నమ్మ ఒళ్ళో, రెండు చేతుల మధ్య పడింది. కోటిలింగం గారి కళ్ళు ఆ చేతుల మీదే ఉన్నాయి. ఆకుకు తొడిమ నిటారుగా ఉంది. పున్నమ్మ దాని వంక చూసింది, చేతులు కదపలేదు. తొడిమతో సహా దాన్ని అలాగే ఉంచుకుని, గొట్టం ఇవాళ ఏం కూస్తుందోనని వినసాగింది.