ఎడమ కంటి నీడ

అక్క ఇచ్చిన కిడ్నీ పెట్టించుకుని దర్జీ మళ్లీ మిషను ముందు కూర్చున్న ఏడాదే ఆ నీడ మొదలైంది. ఎడమ కంటి అంచున ఎవరో నిలబడ్డట్టుండేది. గిరుక్కున తిరిగితే అదీ తిరిగేది. ఎవరికీ చెప్పలేదు. చెబితే కిడ్నీని కాపాడే మందుల వల్లే ఇదంతా అని వాటిని తగ్గిస్తారని, అక్క ఇచ్చింది కాస్తా పాడైపోతుందని లోలోపల హడలిపోయాడు.

ఒకరోజు అక్కకి జాకెట్టు కొలతలు తీస్తూ, ఆమె ముఖం సగం కనిపించక బిగుసుకుపోయాడు.

"ఏమైందిరా?"

"నీ మొహం మీద ఎవరిదో నీడ పడిందక్కా."

అక్క వెనక్కి చూసింది. గోడ తప్ప ఏమీ లేదు. గుచ్చి గుచ్చి అడిగి విషయం రాబట్టింది.

"ఇచ్చాక అది నీదే. దానికోసం కళ్లు పోగొట్టుకుంటావా?" అంటూ ఆసుపత్రికి లాక్కెళ్లింది.

కిడ్నీ కోసం వాడే మందుల వల్ల ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తి తగ్గి, కంటి వెనక పొరలో వైరస్ చేరిందన్నాడు డాక్టరు. కంట్లో ఇంజెక్షన్లు ఇచ్చారు, పాత మందులు కాస్త తగ్గించారు. కిడ్నీ నిలిచింది. నీడ పెరగడం ఆగింది కానీ, పోలేదు.

ఇప్పటికీ కొట్లో ఒంటరిగా ఉన్నప్పుడు దర్జీ ఎడమపక్కకి చూడడు. అక్కడ ఎవరూ లేరని తెలుసు. అయినా, "కాస్త జరుగు, వెలుతురు రానీ" అని మెల్లగా అంటుంటాడు.