రెండు ఫోన్ల కాపురం

అల్లూరికి తూర్పున ఉన్న పట్టపుపాలెంలో సాయంత్రం అన్నం వార్చాక ఆడవాళ్లు ఒడ్డుకి పోయి, వేటలో ఉన్న మగవాళ్లని కేకేస్తారు. ఎంత దూరాన ఉన్నా ఆ కేక వాళ్లకి వినబడుతుంది, పడవ దానంతటదే ఇంటివైపు తిరుగుతుంది. ఊళ్లో ఎవరూ దీన్నొక వింతగా చెప్పుకోరు. ఒక్కటే షరతు, కేకలో ఆ రోజు మాట ఒకటుండాలి, నిన్నటిది పనికిరాదు. పేరమ్మ తన కాలంలో, కొత్త పంచెని మేక నమిలేసిందని అరిచి మొగుణ్ణి శ్రీహరికోట దగ్గర్నుంచి వెనక్కి తిప్పిన మనిషి.

అంతటి పేరమ్మ కోడలు పుష్పకుమారి మాత్రం నాలుగు నెలలుగా ఒడ్డు తొక్కలేదు.

ఆమె మొగుడు చిన్నబాబు కావలి పోయి కొత్త ఫోను కొన్నాడు. నడిసముద్రంలోనూ పలికే రకం. చేతులు వలలో ఉంటే మాట్లాడే తీరికేదని, తన గొంతుతో పలకరింపులూ జవాబులూ అదే చెప్పేటట్టు పెట్టించుకున్నాడు. ఆ సంగతి పెళ్లానికి చెప్పలేదు. మర్చిపోయాడో, చెప్తే గొడవెందుకని ఊరుకున్నాడో దేవుడికే ఎరుక.

ఆ రోజుల్లోనే పుష్పకుమారికి నెల తప్పింది. నిలబడ్డాక చెబుదామని అత్తకీ మొగుడికీ కూడా చెప్పలేదు. రెండో నెలలోనే పోయింది. ఎవరితో చెప్పుకోవాలో తెలీక, వేటలో ఉన్న మొగుడికి ఫోన్లో ఏడుస్తూ చెప్పింది. "సరే మే. జాగ్రత్త. యాళకి తిను," అని జవాబొచ్చింది. గొంతు చిన్నబాబుదే. ఆమె మనసు విరిగిపోయింది. నీకంత బరువైతే నాకు మాత్రం ఏం పట్టిందని, తన గొంతుతో మాట్లాడే పని తనూ తన ఫోనుకి అప్పగించింది. మొగుడిదీ అదే కథ అయ్యుంటుందని మాత్రం తట్టలేదు. కోపంలో ఉన్నవాళ్లకి ఇలాంటివి తట్టవు.

అప్పట్నుంచి రెండు ఫోన్లూ తిన్నావా అంటే తిన్నావా అని ముచ్చటగా కాపురం చేసుకుంటున్నాయి. చిన్నబాబు ఇంటికొచ్చినా ఆమె ముఖం తిప్పుకునేది. ఎందుకని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆ శుక్రవారం తోడు పోయేవాడు జ్వరంతో పడుకుంటే చిన్నబాబు ఒక్కడే వేటకి పోయాడు. మధ్యాహ్నానికి గాలి ముదిరింది. పడవలన్నీ ఒడ్డుకి చేరాయి, అతనిది తప్ప. వాటిలో ఒకదాంట్లోంచి దిగిన జయకుమార్ తడిబట్టలతోనే పుష్పకుమారి దగ్గరికి పరుగున వచ్చాడు.

"అక్కా, అన్న ఇంజను ఆగిపోయినాది. మేం తాడేసేలోపల యాడికో కొట్టుకపోయినాడు. ఎంత ఎతికినా కనపళ్లా."

సరిగ్గా అప్పుడే పుష్పకుమారి ఫోను పలికింది. "చేపలు బాగా పడినయ్ మే. తిన్నావా?"

ఆమె ఫోనుకేసి చూసింది. కొట్టుకుపోతున్న మనిషి ఇలా మాట్లాడతాడా? అయితే ఇది అతను కాదు. అయితే ఆ రోజు సరే అన్నది కూడా అతను కాదు. నాలుగు నెలలు తను ఎవరి మీద కోపం పెట్టుకున్నట్టు?

పడుతూ లేస్తూ ఒడ్డుకి పరిగెత్తింది. "ఏమయ్యో! జాగ్రత్త! తిన్నావా?" అని అరిచింది. నోటికి అదే వచ్చింది. ఆ కేక మోకాటి లోతు నీళ్లయినా దాటలేదు, అక్కడే మునిగిపోయింది. మళ్లీ అరిచింది. మళ్లీ మునిగింది.

"అది ఫోను మాటమ్మా," అంది వెనకాలే వచ్చిన పేరమ్మ. "నా కొడుకుతో నీ మాట చెప్పు. తొందరగా చెప్పు."

ఊరంతా అక్కడే ఉంది. పుష్పకుమారి ఎవరినీ చూడలేదు.

"బిడ్డ పోయినాదయ్యా! రెండో నెల్లోనే పోయినాది! నువ్వు సరే అన్నావని నీ మీద పగబట్టినా. అన్నది నువ్వు కాదని నాకు ఈ పొద్దే తెలిసినాదయ్యా!"

కేక అలల మీదుగా తూర్పుకి పోయింది. అంతవరకూ ఏమీ తెలియని పేరమ్మ కోడలి చెయ్యి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. గాలి హోరులో చాలాసేపు నీళ్లు తప్ప ఏమీ కనబడలేదు. అందిందో లేదో, అందుకోవడానికి మనిషున్నాడో లేదో తెలీక పుష్పకుమారి తూర్పుకేసే చూస్తూ ఉంది.

వెలుతురు తగ్గుతుండగా పడవ కనబడింది. ఇంజను చప్పుడు లేదు. ఎదురుగాలిలో తిన్నగా ఆమె వైపే వస్తోంది.

ఒడ్డు ఇంకా దూరముండగానే చిన్నబాబు నీళ్లలోకి దూకేశాడు. ఈదుకుంటూ, నడుచుకుంటూ వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. ముఖంలో రక్తం లేదు.

"ఎవురి బిడ్డ మే పోయినాది?" అన్నాడు.

"మన బిడ్డేనయ్యా," అంది పుష్పకుమారి.