మూడో నాలుక

రెండో స్పార్కు ప్లగ్గు వదులయ్యేసరికి మేస్త్రి నుదుటి మీది చెమట ముక్కు కొసకు చేరింది. రెండు చేతులూ కారు ఇంజనులో ఇరుక్కుని ఉండటంతో భుజం ఎత్తి చొక్కాకే ముక్కు తుడుచుకున్నాడు. చివరి రెండు చుట్లూ పానాతో కాక వేళ్ళతోనే తిప్పాడు. ఇనుముకు తెలియని సంగతులు కొన్ని వేళ్ళకు తెలుస్తాయని అతని నమ్మకం. ప్లగ్గు బయటికి వచ్చాక దానివైపు చూడలేదు. ముందు పక్కనున్న చెక్కపలకలో రెండో అంకె ఉన్న రంధ్రంలో, కొన పైకి ఉండేలా నిలబెట్టాడు.

ఆ పలక అతను ఈ షెడ్డులో చేరిన ఏడాది విరిగిన స్టూలు పీటతో చేసుకున్నది. నాలుగు రంధ్రాలు, ఒక్కోదాని ముందు కాల్చిన మేకుతో పొడిచిన అంకె. ముప్పై ఒక్క ఏళ్ళ చేతి జిడ్డుకు చెక్క రంగే మారిపోయి నల్లగా నిగనిగలాడుతోంది. ఏ సిలిండరులోంచి వచ్చిన ప్లగ్గు ఆ అంకె దగ్గరే నిలబడాలి. కలిపేస్తే, నలుగురు రోగుల నాలుకలు ఒకరివొకరికి పెట్టినట్టే. ప్లగ్గు కొనను అతను నాలుక అనే అంటాడు. లేత గోధుమరంగులో ఉంటే ఇంజను ఒంట్లో కులాసాగా ఉన్నట్టు. మసి పట్టి ఉంటే పెట్రోలు సరిగ్గా కాలడం లేదన్నట్టు. సున్నం కొట్టినట్టు తెల్లబడితే లోపల కాక ఎక్కువైనట్టు. అందుకే షెడ్డులో అందరికీ అతను నాలుకల డాక్టరు.

బండి డ్రైవింగు టీచరుది. నెత్తిన ఎర్రటి ‘ఎల్’ బోర్డు, తలుపుల నిండా కొత్త చేతులు గీకిన గీతలు. ఆవిడ నల్ల కళ్ళద్దాలు తలమీదికి తోసుకుని, చేతిలో ఒక పసుపు పెట్టెతో పక్కనే నిలబడి ఉంది.

“వంతెన ఎక్కుతుంటే సగంలో దగ్గుతోంది మేస్త్రిగారూ. నేర్చుకునేవాళ్ళు క్లచ్ సరిగ్గా వదలడం లేదనుకుని నెల్లాళ్ళుగా నా నోరు నొప్పెట్టేలా తిట్టాను. నిన్న వాళ్ళని దింపేసి నేనే ఎక్కించాను. నాకూ దగ్గింది.”

“మరి మిమ్మల్ని మీరు తిట్టుకున్నారా?”

“లేదండీ, బండిని తిట్టాను.”

మేస్త్రి నవ్వు బయటికి రానివ్వలేదు. మూడో ప్లగ్గు దగ్గరికి వెళ్ళాడు.

“పొద్దున్నే మీ చిన్న ఓనరుగారు ఈ గోల్డు ప్లగ్గులు ఇచ్చారు. ఇవి వేస్తే రెక్కలొస్తాయట కదా. బయట బ్యానరు మీద మీరే చెప్తున్నారుగా!”

పానా మీద అతని చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

ఆ బ్యానరును ముందు చూసింది అతని భార్య. ఆమె ఆసుపత్రిలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. నిన్న సాయంత్రం బస్సు కిటికీలోంచి మొగుడి మొహం కారంత పెద్దదిగా కనబడేసరికి ఒక స్టాపు ముందే దిగిపోయి, మళ్ళీ వెనక్కి నడిచి చూసి వచ్చింది.

“మన పెళ్ళిలో కూడా అంతగా నవ్వలేదు నువ్వు,” అంది ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతూ. “ఇంతకీ ఆ ప్లగ్గు నిజంగా లాగుతుందా?”

“లాగదు.”

“మరి అలా అన్నావేం?”

“నేను అన్లేదే.”

“నువ్వు అనకపోతే నీ మొహం అంటోంది. ముప్పై ఏళ్ళుగా కూరలో ఉప్పు తక్కువైందని నా మొహం మీదే నిజం చెప్పకుండా ఒక్క పూట ఊరుకున్నావా? ఊళ్ళోవాళ్ళ దగ్గర మాత్రం నాలుక అద్దెకిచ్చావు.”

ఆమె వేళాకోళానికే అంది. అతనికి అది పంటికింద రాయిలా పడింది. కిందటి వారం చిన్న ఓనరు తన చేతికి ఒక బంగారురంగు ప్లగ్గు ఇచ్చి, ఎలా ఉందని అడిగితే, వేళ్ళ మధ్య తిప్పి చూసి “గట్టిదే” అన్నాడు. ఫోటోకు నవ్వమంటే నవ్వాడు. ఆ ఒక్క మాటను సాగదీసి, “ఈ ప్లగ్గు గట్టిగా లాగుతుంది - ఇది మా మేస్త్రి మాట” అని అచ్చు వేయించి, షెడ్డు ముఖద్వారం మీద కట్టించాడు. పొద్దున దానికింది నుంచి లోపలికి వస్తున్నప్పుడు అతను తల వంచుకోవలసి వచ్చింది. బ్యానరు తగిలేంత కిందికి లేదు.

మూడో ప్లగ్గు బయటికి వచ్చింది. ఈసారి ఆగలేకపోయాడు. వెలుతురులోకి పట్టి చూశాడు. నాలుక మీద మసి. మిగతా రెండూ గోధుమరంగులో హాయిగా ఉన్నాయి. నాలుగోది కూడా తీసి చూశాడు. అదీ అంతే. మళ్ళీ మూడోదాన్ని తీసుకుని, నడుముకున్న తెల్లటి పింగాణీని చొక్కా అంచుతో తుడిచాడు. పింగాణీ మీద పైనుంచి కిందికి ఒక నల్లటి గీత. పెన్సిలుతో గీసినంత సన్నం. తుడిస్తే పోలేదు.

“దొరికిందమ్మా దొంగ,” అన్నాడు.

ప్లగ్గు నెత్తిన ఉండే రబ్బరు టోపీని వెనక్కి మడిచి ఆవిడకు చూపించాడు. లోపలివైపు వెంట్రుకంత పగులు. “కరెంటు నాలుక దాకా రాకుండా ఈ పగులు గుండా పక్కదారి పడుతోంది. వంతెన ఎక్కేటప్పుడు బరువు పడుతుంది కదా, అప్పుడే దారి తప్పుతుంది. టోపీ మార్చాలి. గీత పడింది కాబట్టి ఈ ఒక్క ప్లగ్గూ మార్చాలి. మిగతా మూడూ ఇంకా బతికున్నాయి.”

“మరి ఇవి?” ఆవిడ పసుపు పెట్టె ఎత్తి చూపింది.

“అవి మంచివేనమ్మా. ఎక్కువ కాలం మన్నుతాయి. కానీ బండి కొత్తప్పుడు ఎంత లాగేదో అంతే లాగుతుంది. అంతకు మించి వీసమెత్తు లాగదు. చిరుగు టోపీ కింద పెడితే పది రోజులు బాగుండి, వాటి మీదా ఈ గీతే పడుతుంది. అప్పుడు మళ్ళీ పిల్లల్ని తిడతారు.”

అప్పుడే చిన్న ఓనరు అద్దాల గదిలోంచి బయటికి వచ్చాడు. చొక్కా ఇస్త్రీ చెదరని మనిషి. చిన్నప్పుడు ఈ షెడ్డులోనే ట్యూబులో కూర్చుని ఆడుకుంటూ “మావయ్యా, మావయ్యా” అని మేస్త్రి వెంటపడేవాడు. తండ్రి కుర్చీలో కూర్చున్న రోజునుంచి “మేస్త్రిగారూ” అంటున్నాడు. పిలుపుకు గౌరవం పెరిగినకొద్దీ మనిషి దూరమయ్యాడు.

“మేస్త్రిగారూ, ఒక్కసారి ఇటు రండి.” పక్కకు తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు. “కస్టమరు ముందు మన సరుకును మనమే తక్కువ చేసుకుంటే ఎలా? బిగించండి. అడిగితే పికప్ పెరిగిందనండి. అంతే కదా.”

“ఆవిడ కావాలంటే బిగిస్తాను బాబూ. పెరిగిందని మాత్రం అనను. కావలిస్తే ‘మన్నుతుంది’ అని రాయించు. నా మొహం ఇంకో రెండు గజాలు పెంచుకో, కాదనను.”

“మన్నిక ఎవడు కొంటాడండీ? లాగుడు కొంటారు.”

మేస్త్రికి యాభై నాలుగేళ్ళు. ఎడమచెవి వినికిడి సగం పోయింది. స్క్రూడ్రైవరు పిడిని కుడిచెవికి ఆనించుకుని మాత్రమే ఇంజను లోపలి చప్పుడు వినగలడు. ఈ వయసులో ఏ షెడ్డు తలుపు తీస్తుంది?  ఆ ప్రశ్నను అక్కడే వదిలి బండి దగ్గరికి వచ్చాడు.

తన రేకుడబ్బా వెతికి కొత్త రబ్బరు టోపీ ఒకటి తీశాడు. మూడో సిలిండరుకు మామూలు ప్లగ్గే ఒకటి తీసుకున్నాడు. పెట్టెమీద ఏం రాసి ఉన్నా, సన్నటి ఇనుప రేకును నాలుక కింద దూర్చి సందు కొలవందే అతను ఏ ప్లగ్గునూ బిగించడు. కొలిచాడు. వేళ్ళతో తిప్పి, చివర పానాతో ఒక చుట్టు. మిగిలిన మూడూ వాటి వాటి ఇళ్ళకు వెళ్ళాయి. పసుపు పెట్టె సీలు తియ్యకుండా బండి ముందు సీట్లో పెట్టాడు.

“వంతెన ఎక్కించి రండి,” అన్నాడు.

ఆవిడ పావుగంటలో తిరిగి వచ్చింది. ఇంజను ఆపకుండానే తలుపు తీసుకుని దిగింది.

“దగ్గు పోయింది! మూడో గేరులోనే గుక్కతిప్పుకోకుండా ఎక్కేసింది!”

చిన్న ఓనరు అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. మెకానిక్కులూ, పక్క బండి తలుపుకు సొట్టలు తీస్తున్న డెంటరూ, వంతు కోసం కూర్చున్న ఇద్దరు ముగ్గురూ ఇటే చూస్తున్నారు.

“చెప్పానా మేడమ్! గోల్డు ప్లగ్గంటే మరేమనుకున్నారు? మా మేస్త్రి ఊరికే అనరు. చెప్పండి మేస్త్రిగారూ.”

షెడ్డులో సుత్తి చప్పుడు ఆగింది. మేస్త్రి గుడ్డకు చేతులు తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ విడివిడిగా, తొందర లేకుండా తుడుచుకున్నాడు.

“అవి నేను వెయ్యలేదు బాబూ. పెట్టె సీటు మీదే ఉంది. బండి బాగుపడింది రబ్బరు ముక్కతో.”

ఆవిడ సీటు మీది పెట్టెను చూసింది. తర్వాత బయటి బ్యానరు వైపు తిరిగింది. “మరి అక్కడ ఉన్నది మీ మాట కాదా?”

“మొహం నాది. మాట నాది కాదు.” అంటూనే అతను గోడకు ఆనించి ఉన్న నిచ్చెన భుజానికెత్తుకున్నాడు. రెండో చేత్తో గ్రీజు డబ్బా అందుకున్నాడు.

“దాన్ని ముట్టుకుంటే రేపట్నుంచి రానక్కర్లేదు,” అన్నాడు చిన్న ఓనరు. గొంతు పెద్దదే అయింది, చివర మాత్రం కొంచెం వణికింది.

“సరే. రేపు రాను. ఇవాళ పని ఇంకా అవలేదు.”

నిచ్చెన కాళ్ళు పట్టుకోవడానికి డెంటరు వచ్చాడు. ఎవరూ పిలవలేదు. “అన్నా, నాకు బొత్తిగా సిగ్గులేదు, పిలవకుండానే వచ్చాను. ‘జేబు లాగుతుంది’ అని రాసెయ్యి, పీడా పోతుంది!”

“వాడి అబద్ధానికి నా వెటకారం ఎందుకురా? ఉన్నదే రాద్దాం.”

ఎనిమిది మెట్లు. మోకాలు మూడో మెట్టు దగ్గరే మొరాయించింది. పైకెక్కి చూస్తే తన పన్ను ఒక్కోటీ అరచెయ్యంత ఉంది. దాన్ని ముట్టుకోలేదు. నాలుగు వేళ్ళు నిండా గ్రీజు తీసి ‘లాగుతుంది’లో ‘లాగు’ మీద మెత్తాడు. ఆ గ్రీజులోనే చూపుడువేలితో ‘మన్ను’ అని రాశాడు. ‘తుంది’ని అలాగే ఉంచాడు. బడి మానేశాక ఇంత పెద్ద అక్షరాలు రాయడం అదే. కొంచెం వెనక్కి వాలి చదువుకున్నాడు. ఈ ప్లగ్గు గట్టిగా మన్నుతుంది. ఇది మా మేస్త్రి మాట.

“ఒత్తు సరిగ్గా పడిందా?” అని కిందికి అడిగాడు.

“పడిందన్నా, నువ్వు పడకుండా దిగు!”

తర్వాత చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. కిరసనాయిలుతో చేతులు కడుక్కున్నాడు. పానాలు, సందు కొలిచే రేకులు, చెవికి ఆనించుకునే స్క్రూడ్రైవరు, అన్నీ తన పెట్టెలో సర్దుకున్నాడు. పలకను కూడా చేతిలోకి తీసుకున్నాడు. అందులో పాత మూడో ప్లగ్గు నిలబడే ఉంది. కాసేపు చూసి, పలకను మళ్ళీ బల్లమీద, అద్దాల గదికి ఎదురుగా పెట్టాడు.

డ్రైవింగు టీచరు బండి పక్క తలుపు తీసి పట్టుకుంది. “ఎక్కండి, దింపుతాను. రేపు నాకు బండి పాడైతే ఎక్కడికి రావాలి?”

“ఎక్కడ ఆగితే అక్కడికి నేనే వస్తానమ్మా. నాలుక చూడ్డానికి షెడ్డెందుకు? వెలుతురు చాలు.”

“మావయ్యా.”

వెనకనుంచి వచ్చింది ఆ పిలుపు. మంచి చెవివైపే పడింది. మేస్త్రి తిరిగి చూశాడు. చిన్న ఓనరు ఇస్త్రీ చొక్కా చేతులు నలుపుకుంటూ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు.

“నాలుగు రోజులాగి రండి. నేనేదో కోపంలో…”

“ఆ పిలుపు బాగుంది బాబూ,” అన్నాడు మేస్త్రి. “దాన్ని మాత్రం బ్యానరు మీద వేయించకు.”

పెట్టె ఒళ్ళో పెట్టుకుని, ఎర్రటి ‘ఎల్’ బోర్డు కింద, కొత్తగా నేర్చుకునేవాడిలా నిటారుగా కూర్చున్నాడు. బండి వంతెన వైపు తిరిగింది. డెంటరు సుత్తి పట్టుకుని నిలబడి, సగం ఎత్తు దాటేదాకా దగ్గు వినిపిస్తుందేమోనని చెవి రిక్కించాడు. వినిపించలేదు.

చిన్న ఓనరు లోపలికి వచ్చి, బ్యానరు విప్పమని చెప్పడానికి నోరు తెరిచి, చెప్పకుండానే బల్ల దగ్గర ఆగాడు. పలకలో మూడు రంధ్రాలు ఖాళీ. మూడో అంకె దగ్గర మాత్రం ఆ పాత ప్లగ్గు, మసిబారిన నాలుక బయటికి చాపి, నిలబడి ఉంది.