గొంతులో అక్షింత

నేను ఒక కార్బొరేటర్‌ని. ఈ మాట సరిగ్గా పలికిన మెకానిక్‌ను నా జన్మలో ఇంతవరకు చూడలేదు. కొందరికి కార్బేటర్‌ని, కొందరికి కార్పెంటర్‌ని, అనంతపురం జిల్లాకు వచ్చాక ఏకంగా కార్పొరేటర్‌ని అయ్యాను. "కార్పొరేటర్లో చెత్త చేరింది, కడగాల" అని ఎవరైనా అంటే మున్సిపాలిటీవాళ్ళు ఉలిక్కిపడాలి గాని, నాకైతే అలవాటైపోయింది.

గాలినీ పెట్రోలునూ సమపాళ్ళలో కలిపి ఇంజనుకు పెట్టడం నా ఉద్యోగం. నా గొంతులో ఒక తలుపు ఉంటుంది. దాన్ని స్లైడ్ అంటారు. నడిపేవాళ్ళు యాక్సిలేటర్ తిప్పితే ఆ తలుపు పైకి లేస్తుంది, గాలి లోపలికి దూసుకుపోతుంది. చెయ్యి వదిలితే స్ప్రింగు దాన్ని కిందికి తోస్తుంది, ఇంజను శాంతిస్తుంది. తలుపు ఎంత పైకి లేస్తుందా అనే అందరికీ ఆత్రం. అది మళ్ళీ కిందికి దిగుతుందా లేదా అని అడిగిన మనిషి తక్కువ. నడిపేవాళ్ళ ప్రాణం మాత్రం ఆ దిగడం మీదే ఉంటుంది.

ఫ్యాక్టరీలో కరిగిన అల్యూమినియంగా అచ్చులో పడ్డప్పుడు నాకేమీ తెలియదు. రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ బండికి బిగించి, తాలూకాఫీసు గుమాస్తా ఒకాయనకు అంటగట్టారు. ఆయన దిగుడు వచ్చినప్పుడల్లా ఇంజను ఆపేసి పెట్రోలు మిగిల్చేవాడు. నా తలుపు పావు వంతుకు మించి లేవడం ఆయన చేతుల్లో ఏనాడూ జరగలేదు. తర్వాత నన్ను కొన్నది రెండు ఊళ్ళ టాకీసుల మధ్య రీలు పెట్టెలు మోసే మనిషి. ఒకే సినిమాను రెండు హాళ్ళలో ఆడించేవాళ్ళు. ఇక్కడ రీలు అయిపోయేలోగా అక్కడిది రావాలి, లేకపోతే జనం కుర్చీలు విరగ్గొడతారు. వేగమంటే ఏమిటో నేను నేర్చుకున్నది ఆయన దగ్గరే. టాకీసులు మూతబడ్డాక బండితోపాటు నేనూ గుజిరీ అంగడికి చేరి, తుప్పుపట్టిన పంపుసెట్ల మధ్య పడున్నాను. అక్కడినుంచి నన్ను ఎత్తుకొచ్చినవాడు ఓబులేశు.

ఓబులేశుది బోరు మోటార్లు బాగుచేసే షాపు. తిండి పెట్టేది అది. నిద్ర లేకుండా చేసేది మాత్రం చౌడు. వాళ్ళ ఊరికి అవతల గడ్డి కూడా మొలవని చౌడు నేల ఉంది. ఎండితే అప్పడంలా తెల్లగా, చదునుగా, కంటికి ఆనినంత దూరం పరుచుకుంటుంది. ఏటా వానలు వెనక్కి తగ్గాక బళ్ళారి, కర్నూలు, బెంగుళూరులనుంచి కొందరు పిచ్చివాళ్ళు సొంతంగా తయారుచేసుకున్న బళ్ళతో అక్కడికి వస్తారు. పక్కపక్కన పరుగెత్తరు. ఒక్కొక్కరే పోతారు. రెండు జెండాల మధ్య ఎవరి వేగం ఎక్కువో చూస్తారు. గెలిచినవాళ్ళకు ఒక స్టీలు బిందె ఇస్తారు. దానికోసం ఇంట్లో ఇత్తడి బిందెలు అమ్మినవాళ్ళు నాకు తెలుసు.

ఆ ఏడు వాన పూర్తిగా మొహం చాటేసింది. వేరుశనగ వేసినవాళ్ళు ఆకాశం చూసి ఏడుస్తుంటే, ఓబులేశు చౌడు చూసుకుని లోలోపల సంతోషపడ్డాడు. సంతోషపడినందుకు సిగ్గుపడి, ఎవరైనా కనిపిస్తే "వాన లేకపాయె" అని అందరికంటే గట్టిగా నిట్టూర్చేవాడు.

అంతకుముందు సీజన్లో అతను చౌడు మీద పడ్డాడు. కుడి మోకాలు ఇక వంగదు. అందుకే ఈసారి ఎక్కేది అతని భార్య నాగరత్న. ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరు, ఒకప్పుడు కబడ్డీ ఆడిన మనిషి. బరువు తక్కువ, భయం ఇంకా తక్కువ. ఆమె అడిగిన రోజున ఓబులేశు కాదనలేదు. కాదనడానికి అతని దగ్గర కారణం లేదు, భయం తప్ప. ఆ భయాన్ని భార్య ముందు ఒప్పుకోవడం అతనికి చేతకాలేదు.

ఒప్పుకోని భయం వేళ్ళలోకి దిగుతుంది. అది నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఆ వేళ్ళు రోజంతా నా మీదే ఉండేవి. బిగించిన బోల్టునే మళ్ళీ బిగించేవాడు. కడిగిన నన్నే మళ్ళీ కడిగేవాడు. స్ప్రింగు మార్చాడు, అది మెత్తగా ఉందని మళ్ళీ మార్చాడు. పందెపు బండికి గాలి వడగట్టే ఫిల్టర్ పెట్టరు, అది ఊపిరికి అడ్డం. నా నోరు బార్లా తెరిచే ఉంటుంది. అందుకని నాగరత్న పాత నూలుచీర చింపి, ఆ గుడ్డ నా మూతికి కట్టి ఉంచేవాడు. స్నేహితుడు రహంతుల్లా లేతు పని చేస్తాడు. బండికి ముందువైపు రేకు తొడుగు వంచి బిగించింది అతనే. అతను పొరపాటున ఆ గుడ్డ మీద చెయ్యి వేసినా ఓబులేశు కసిరేవాడు. ఒక్క ఇసుక రేణువు దూరితే నేనెంత ప్రమాదమో అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

అట్లాంటి మనిషి ఏం చేశాడో వినండి.

ఆయుధపూజ వచ్చింది. షాపులో ఉన్న స్పానర్లు, సుత్తులు, పట్టకార్లు అన్నీ కడిగి, దేవుడి పటం ముందు పేర్చి, పసుపు కుంకుమ పెట్టారు. ఒకసారి పూజలో పెట్టిన పనిముట్టును మర్నాడు విజయదశమి నాడు మళ్ళీ పూజచేసి ఎత్తుకునేదాకా ముట్టుకోకూడదు. బండిని మధ్యలో నిలబెట్టి బంతిపూల దండ వేశారు. చక్రం కింద నిమ్మకాయ పెట్టారు. ఓబులేశు పళ్ళెంలోంచి గుప్పెడు అక్షింతలు తీసుకున్నాడు. చల్లబోయి ఆగాడు. నా మూతికి కట్టిన గుడ్డను చూశాడు. దేవుడి అక్షింతలు గుడ్డ మీద పడితే ఫలమేముంది, ఇంజనుకు తగలాలి కదా అనుకున్నాడు కాబోలు. ఏడాదంతా ఈగను కూడా వాలనివ్వని మనిషి, తన చేత్తో ఆ గుడ్డ విప్పి, కళ్ళు మూసుకుని, నా మీద గుప్పెడు బియ్యం చల్లాడు.

మీ భాషలో అక్షింతలు పడ్డాయంటే తిట్లు పడ్డాయని కూడా అర్థమట. తిట్లయినా నయమే, ఇరుక్కోవు.

చాలా గింజలు జారి నేలమీద పడ్డాయి. ఒకటి మాత్రం నెయ్యి జిడ్డుతో నా కింది పెదవికి అతుక్కుంది. అక్కడ సూది దూరేంత బెజ్జం ఉంటుంది. ఇంజను నింపాదిగా తిరుగుతున్నప్పుడు కావలసిన గాలి అందులోంచే పోతుంది. గింజ సరిగ్గా దానికి అడ్డంపడింది. అరిచి చెప్పడానికి నోరైతే ఉంది, గాలి మింగడానికి తప్ప దేనికీ పనికిరాదు.

నిమ్మకాయ తొక్కించడానికి నాగరత్న బండి స్టార్ట్ చేసింది. రెండు క్షణాలు విని తల తిప్పింది.

"ఏమయ్యా, గొంతు బొంగురుగా ఉండాదే."

"కొత్త స్ప్రింగు. అట్లనే ఉంటాది" అన్నాడు ఓబులేశు.

ఆమె ఒప్పుకోలేదు. నిన్న ఇట్లా లేదని, ఒకసారి విప్పి చూడమని అడిగింది. స్పానర్లు పూజలో ఉన్నాయి, ఎట్లా ముట్టుకునేదన్నాడు అతను. వాకిలి దగ్గర నిలబడ్డ రహంతుల్లా గొంతు సవరించుకున్నాడు.

"నా స్పానర్లు పూజలో లేవన్నా. తెచ్చేదా?"

నా ప్రాణం లేచివచ్చింది. కాని ఓబులేశు మొహం ముడుచుకుంది. పూజ చేసిన ఇంజనును వెంటనే విప్పితే అపశకునమన్నాడు. పోయినసారి తను పడ్డ రోజు ఎవరు తుమ్మారో కూడా గుర్తుచేశాడు. తర్వాత వంగి, రూపాయి బిళ్ళ అంచుతో నా పక్కనున్న గాలి స్క్రూను కొంచెం తిప్పాడు. బొంగురు తగ్గింది. ఇంజను చక్కగా పలికింది. రోగం లోపలే ఉంది, దగ్గు మాత్రం పోయింది. నాగరత్న ఇంకాసేపు చెవి పెట్టి విని, సరేనంది. అతను నా మూతికి మళ్ళీ గుడ్డ కట్టాడు, జాగ్రత్తగా, గింజను లోపలే ఉంచి.

మర్నాడు విజయదశమి. కొత్త పని మొదలుపెట్టడానికి అంతకంటే మంచిరోజు లేదని, సీజనుకు ముందు తొలి పరుగు ఆ పొద్దునే పెట్టుకున్నారు. చౌడు మీద ఎండ అప్పుడే కళ్ళలో గుచ్చుకుంటోంది. ఈ చివర ఓబులేశు. చాలా దూరంలో, ఆ చివర ఎర్రజెండా పట్టుకుని రహంతుల్లా. జెండా దాటిన వెంటనే ఆమె యాక్సిలేటర్ వదిలేయాలి. దాని తర్వాత చౌడు కొంతదూరమే ఉంది. ఆపైన నీళ్ళు ఆపడానికి కట్టిన రాళ్ళ కట్ట. నీళ్ళు ఎన్నడూ రాలేదు గాని, కట్ట మాత్రం గట్టిగా ఉంది.

నాగరత్న హెల్మెట్ పెట్టుకుని బండి మీద పడుకున్నట్టు వంగింది. ఓబులేశు గుడ్డ విప్పాడు. హ్యాండిల్ తుడిచాడు.

"పోయొస్తా" అందామె.

మొదట నెమ్మదిగానే తీసుకుంది. గేర్లు మారాయి. నా తలుపు సగం లేచింది, ముప్పావు లేచింది. ఆ పెదవి మీది గింజ కదలడం నాకు తెలుస్తూనే ఉంది. ఆగమని వేడుకున్నాను. ఎవరిని వేడుకున్నానో నాకే తెలియదు. ఆమె చెయ్యి పూర్తిగా తిప్పింది. తలుపు అంచుదాకా లేచింది, చౌడు మీది గాలంతా నా గొంతులోకి విరుచుకుపడింది. గింజ పెదవి విడిచింది. నేరుగా ఇంజనులోకి పోయి కాలిపోయినా బాగుండేది. పోలేదు. తలుపుకూ గోడకూ మధ్యనున్న సన్నటి సందులోకి ఎక్కి, అక్కడ ఇరుక్కుంది.

ఎర్రజెండా దగ్గరకొచ్చింది. దాటిపోయింది. ఆమె చెయ్యి వదిలింది.

స్ప్రింగు తోసింది. తలుపు దిగలేదు.

ఇంజను అట్లాగే అరుస్తోంది. ఆమె పిడి ముందుకు తిప్పింది, మళ్ళీ తిప్పింది. తన చెయ్యే మొద్దుబారిందనుకుంది పాపం, వేళ్ళు విప్పి మళ్ళీ పట్టుకుంది. బ్రేకు తొక్కింది. రెండు సిలిండర్లూ పూర్తి బలంతో లాగుతుంటే ఆ బ్రేకు ఏపాటి? రాళ్ళ కట్టలో ఒక్కో రాయి విడివిడిగా కనిపించసాగింది. స్ప్రింగు తోస్తోంది, నేను తోస్తున్నాను, ఆ బియ్యపు గింజ మమ్మల్నిద్దరినీ లెక్కచేయలేదు. నన్ను చేసినవాళ్ళను తిట్టాను. బియ్యం పండించినవాళ్ళను తిట్టాను. రహంతుల్లా జెండా పారేసి, అందుకోలేనని తెలిసీ బండి వెనక పరుగెత్తుతున్నాడు.

హ్యాండిల్ పక్కన ఇంజను ఆపే ఎర్ర బటన్ ఉంది. ఆమె బొటనవేలు దానికోసం వెతికింది. మందపాటి చేతి తొడుగులో వేలికి ఏదీ తెలియలేదు. జారింది. మళ్ళీ వెతికింది. ఈసారి నొక్కింది.

ఇంజను చచ్చిపోయింది. ఇక వేగం ఒక్కటే మిగిలింది. ఆమె రెండు బ్రేకులూ పట్టి, బండిని అడ్డంగా తిప్పి, కావాలనే పడేసింది. తెల్లదుమ్ములో అందరం కలిసి ఈడ్చుకుపోయాం. రేకు తొడుగు చిరిగింది. కట్ట ఇంకా కొద్ది దూరం ఉందనగా ఆగాం.

దుమ్ము సర్దుకునేసరికి ఆమె లేచి కూర్చుని ఉంది. మోచేయి చీరుకుపోయింది, అంతే. అంతేనని తెలిసిన క్షణంలో నాకు కలిగిన నెమ్మది చెప్పలేను. రహంతుల్లా వచ్చి హెల్మెట్ తీశాడు. నీళ్ళ బాటిల్ చేతికిచ్చాడు. వంగని మోకాలిని ఈడ్చుకుంటూ ఓబులేశు వచ్చాడు.

"నేను ఇడిసినా. అది మూసుకోలా" అంది నాగరత్న, భర్త మొహంలోకి చూస్తూ.

ఓబులేశు రహంతుల్లా వైపు చెయ్యి చాచాడు. రహంతుల్లా తన స్పానర్ ఆ చేతిలో పెట్టాడు. ఈసారి శకునం మాట రాలేదు. నన్ను విప్పి, దులిపిన గుడ్డ మీద పెట్టి, తలుపును వేలితో ఎత్తాడు. పసుపు రంగు గింజ, ఒక కొస నలిగి, అతని అరచేతిలో పడింది.

దాన్ని గుర్తుపట్టడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు. అక్కడే చతికిలబడ్డాడు. "సంపేస్తాంటి గదే నిన్ను" అన్నాడు. బండిని గుజిరీకి వేసేస్తానన్నాడు, ఇక ఎక్కనివ్వనన్నాడు, నిన్న గుడ్డ విప్పింది తానేనన్నాడు. అంతా ఒకే ఊపిరిలో, ఏడుస్తూ అన్నాడు.

నాగరత్న అతన్ని ఆపలేదు. ఏడుపు తగ్గాక అతని అరచేతిలోని గింజను వేలితో కదిలించింది. ఆమెకు కోపముందో లేదో నాకు తెలియలేదు. ఉన్నా తప్పేం లేదు.

"బొంగురుగా ఉందని చెప్తే యినకపోతివి" అంది. "నాకేమన్నా అయితాదని భయమా?"

అతను తల ఊపాడు. ఇన్ని నెలల్లో మొదటిసారి.

"మల్ల గుప్పెడు అచ్చింతలు బండికేస్తివే. నా నెత్తిన ఒక్కటన్నా ఏస్తివా?"

రహంతుల్లా మొహం అటు తిప్పుకున్నాడు. ఓబులేశు చేతిలో ఉన్నది ఆ ఒక్క గింజే. పెట్రోలు వాసన కొడుతోంది, సగం నలిగిపోయింది. ఆమె తల వంచింది. అతను దాన్ని ఆమె పాపిట్లో పెట్టి, అట్లాగే చెయ్యి ఉంచేశాడు.

తర్వాత నన్ను కడిగారు. చాలా శుభ్రంగా కడిగారు. తలుపు ఎత్తి వదిలి, ఎత్తి వదిలి, అది దిగుతున్న ప్రతిసారీ ముగ్గురూ చూశారు. నన్ను మళ్ళీ బిగించి బండిని మొదటి చివరకు తోసుకుపోయాక, నాగరత్న ఆ గింజ మీదే హెల్మెట్ పెట్టుకుంది.