అయిదో అరుగు మీద

సైటులో అందరూ ఆయన్ని పైవాడు అనేవాళ్ళు. పదిహేనేళ్ళుగా టవర్ క్రేన్ నడుపుతున్న మనిషికి అంతకన్నా తగిన పేరు ఎవరికీ తోచలేదు. ఇనప కడ్డీల కట్ట ఆలస్యంగా దిగితే, అంతా పైవాడి దయ అని మేస్త్రీలు నవ్వుకునేవారు. ఆ పైవాడికి కింద నిలబడి ఎప్పుడు ఎత్తాలో ఎప్పుడు దించాలో వాకీటాకీలో చెప్పేది మాత్రం ఆయన భార్యే. ఇంట్లో "ఏమండీ" అని తప్ప పిలవని ఆవిడ, సైటులో అడుగుపెడితే "ఎత్తు, తిప్పు, ఆపు" అనేది. హుక్కుకి రెండు టన్నులు వేలాడుతున్నప్పుడు అండీలకు తీరికెక్కడిది?

యాభై మీటర్ల ఎత్తున, గాలి ఈడ్చి కొడుతున్న రోజుల్లో కూడా ఒంటిమీద గీత పడని ఆ మనిషికి వంటింట్లో దెబ్బ తగిలింది. కింద పడ్డ చెంచా తీసుకుని చటుక్కున లేచేసరికి, తెరిచి ఉన్న అలమార తలుపు అంచు నెత్తికి గట్టిగా తగిలింది. తలుపు తెరిచి ఉంచింది ఎవరన్నది ఆ ఇంట్లో ఇప్పటికీ తేలని సంగతి.

ఆస్పత్రిలో తల స్కాన్ తీసి, ఫొటోల్లో ఏమీ లేదన్నారు. ఎముక విరగలేదు, రక్తం చేరలేదు, మెదడు అదిరిందంతే అన్నారు డాక్టరుగారు. ఆ "అంతే" ఎంతో ఆయనకు వారంలోనే తెలిసొచ్చింది. కిటికీలో వెలుతురు చూస్తే కళ్ళ వెనక పోటు. పక్కింటివాళ్ళ కుక్కర్ కూత వింటే కడుపులో తిప్పుడు. ఒక్క అంతస్తు మెట్లెక్కితే గోడలు పక్కకు జరిగేవి. ఆయన పనేమో నిచ్చెనతో మొదలవుతుంది. క్యాబిన్ దాకా దగ్గర దగ్గర రెండొందల మెట్లు, మధ్యలో ఊపిరి పీల్చుకోవడానికి ఎనిమిది ఇనప చట్రాలు. వాటిని సైటులో అరుగులంటారు. ఆ నిచ్చెన ఎక్కలేకపోతే క్రేన్ లేదు. క్రేన్ లేకపోతే తానెవరో ఆయనకు తెలియదు, ఆ దిగులే ఆయన్ని తినేసింది.

పది రోజుల తర్వాత, వ్యాయామం చేయించే ఫిజియో అమ్మాయి దగ్గరికి పంపారు. ఆయనకు కూతురి వయసు పిల్ల, కానీ మాటలో తొణుకూ బెణుకూ లేదు. మంచం పట్టుకుని పడుకున్నా మెదడు కుదుటపడదు, మొండికేసి పరిగెత్తినా కుదుటపడదు అంది. రోజూ కొంచెం ఒంటిని కదిలించాలి. మొదలుపెట్టే ముందు తలనొప్పికి పదికి ఎంతో ఒక అంకె చెప్పుకోవాలి. మధ్యలో ఆ అంకె రెండుకన్నా ఎక్కువ పెరిగితే అక్కడికక్కడే ఆపాలి. మర్నాడు ఒక మెట్టు తగ్గించి మళ్ళీ మొదలు. ఇప్పుడెంత అని అడిగింది. ఆయన భార్యవైపు చూశాడు. ఆవిడ ఆయన నుదురు పరకాయించి చూసి "మూడు" అంది.

ఫిజియో అమ్మాయి ఆ అంకె రాసుకుంది. నడకతో మొదలుపెట్టించింది. పది నిమిషాలు, పదిహేను, ఇరవై. తర్వాత కదలని సైకిలు. మూడో వారానికి ఆయన వీధి చివరి దాకా నల్ల కళ్ళద్దాలు లేకుండా వెళ్ళొచ్చాడు. ఆ రోజు ఇంటికొచ్చి, చెట్టు ఆకులు ఎండలో ఎలా మెరుస్తున్నాయో భార్యకు చెప్పాడు.

నాలుగో వారం మెట్ల వంతు వచ్చింది. వాళ్ళుండేది ఎనిమిదంతస్తుల భవనం. ముందు రెండంతస్తులు చాలంది ఫిజియో అమ్మాయి. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ సాయంత్రం బయల్దేరారు. ఆయన ముందు, ఆవిడ వెనక. రెండో అంతస్తు వచ్చింది. ఆవిడ ఆపమనలేదు, ఆయన ఆగలేదు. మూడు, నాలుగు. అయిదో అంతస్తుకి ఆయన చెవుల్లో హోరు మొదలైంది. ఆపమన్న మాట వచ్చేది కింద నుంచి కదా, రాలేదంటే బరువు బాగానే ఉన్నట్టు. వెనకున్న ఆవిడకేమో మొహం కనబడదు. మనిషి ఎక్కుతున్నాడంటే లోపల బాగానే ఉన్నట్టు. ఒకరి మాట కోసం ఒకరు ఎదురుచూస్తూ ఎనిమిదో అంతస్తు చేరారు. అక్కడ ఆయన గోడ పట్టుకుని కూలబడి, భళ్ళున వాంతి చేసుకున్నాడు. మళ్ళీ కర్టెన్లు మూసుకోవలసివచ్చింది. పది రోజులు నీళ్ళపాలు.

సంగతి విన్న ఫిజియో అమ్మాయి నవ్వలేదు, తిట్టనూ లేదు.

"పదిహేనేళ్ళలో ఎప్పుడైనా మీరు ఆపు అన్నారా?" అని అడిగింది ఆయన్ని.

ఆయన ఆలోచించాడు. లేదు. ఆ మాట ఎప్పుడూ కింద నుంచే వచ్చేది. వినగానే చెయ్యి దానంతటదే లీవరు వదిలేసేది.

"ఆవిడకి హుక్కు కనబడుతుంది. మీ తల లోపల కనబడదు. అక్కడి కబురు మీరే చెప్పాలి" అంది.

ఆ మాట ఆయనకు సూటిగా తగిలింది. అప్పట్నుంచి అంకె ఆయనే చెప్పడం మొదలుపెట్టాడు. మొదట్లో అలవాటు కొద్దీ భార్యవైపే చూసేవాడు. ఆవిడ పంతంగా మొహం తిప్పుకునేది. కళ్ళు మూసుకుని లోపలికి వినడం నేర్చుకున్నాడు. నిన్న అయిదున్న చోట నేడు నాలుగు, ఇంకో వారానికి రెండు. ఎవరూ తాళ్ళు కట్టకుండా, ఎవరూ కేకలు వేయకుండా, పుర్రె లోపలి చీకట్లో ఏదో తనంతట తాను చక్కబడుతోంది. ఇన్ని అంతస్తులు కట్టించిన మనిషికి అలాంటి కట్టుబడి ఎక్కడా తారసపడలేదు. "లోపల సిగ్నల్ ఎవరిస్తున్నారే?" అని ఒకరోజు భార్యని అడిగాడు. ఆవిడకీ తెలియలేదు.

ఎనిమిది అంతస్తులు రెండుసార్లు ఎక్కి దిగినా అంకె కదలని రోజు వచ్చాక, నిచ్చెన పరీక్షకు డాక్టరుగారు సరేనన్నారు. సెలవు రోజు పొద్దున్నే, క్రేన్‌కి తాళం వేసి ఉండగా, సేఫ్టీ ఆఫీసరు దగ్గరుండి బెల్టు బిగించాడు. భార్య రోజూ నిలబడే చోటే నిలబడింది. అక్కడ నేలమీద పసుపు రంగుతో ఒక గడి గీసి ఉంటుంది.

ఒకటో అరుగు, రెండు, మూడు. చేతులకి ఇనప మెట్ల చల్లదనం తగులుతుంటే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. నాలుగో అరుగు దగ్గర ఆగి విన్నాడు. సున్నా. అయిదో అరుగు మీద కాలు పెట్టాక కుడి కన్ను వెనక చిన్న పోటు మొదలైంది. ఒకటి. నిలబడి చూశాడు, రెండైంది. పైకి చూస్తే క్యాబిన్ అడుగు భాగం కనబడుతోంది, ఇంకా మూడే అరుగులు. ఫిజియో అమ్మాయి లెక్కన రెండు దాకా పర్వాలేదు. కింద నుంచి చూసేవాళ్ళకి ఆయన బూట్లు తప్ప ఏమీ కనబడవు. గుట్టుగా ఎక్కేస్తే సోమవారానికల్లా తన కుర్చీలో ఉంటాడు.

వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"ఆపు" అన్నాడు.

విన్న మాటను తిరిగి చెప్పడం వాళ్ళ పనిలో నియమం. కాసేపటికి భార్య గొంతు వచ్చింది.

"ఆపు. విన్నాను. అక్కడే కూర్చో, వస్తున్నా."

ఆవిడ పదిహేనేళ్ళలో ఒక్కసారి కూడా ఆ నిచ్చెన ఎక్కలేదు. వాకీటాకీ సేఫ్టీ ఆఫీసరు చేతిలో పెట్టి, బెల్టు వేయించుకుని, ప్రతి అరుగు దగ్గరా ఆగుతూ, తనను తాను తిట్టుకుంటూ వచ్చింది. అయిదో అరుగు చేరి ఆయన పక్కన కూలబడి, కొక్కెం తగిలించుకుని, రొప్పుతూ తలెత్తింది.

అప్పుడే ఎండ పడుతోంది. ఇళ్ళ కప్పుల మీద నీళ్ళ ట్యాంకులు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. క్రేన్ చేతి నీడ నాలుగు వీధులు దాటి, ఎవరిదో మేడమీద ఆరేసిన దుప్పట్ల మీదుగా పడుకుంది. ఆకాశం ఎక్కడా అయిపోవడం లేదు. రెండు నెలల కింద అగ్గిపుల్ల వెలుగుకే మూసుకుపోయిన ఆయన కళ్ళు, ఆ వెలుగంతటినీ రెప్ప వాల్చకుండా చూస్తున్నాయి. ఇన్నేళ్ళూ హుక్కు వంకే చూస్తూ, ఇదంతా ఉందని ఆయన కూడా గమనించలేదు.

ఆవిడ మెల్లగా కిందికి చూసింది. తన పసుపు గడి కోసం వెతుక్కుంది. గోరంత ఉంది.

"నేను మీకు అంతే కనబడతానా?" అంది.

"పై నుంచి ఇంకా చిన్నగా" అన్నాడాయన. "మబ్బు కమ్మిన రోజు అదీ కనబడేది కాదు. నీ గొంతు వినబడేది. ఆపు అంటే ఆగేవాణ్ణి."

ఆవిడ గడివైపే చూస్తూ ఉండిపోయింది. కంటి నీళ్ళు చెంప మీదికి జారినా తుడుచుకోలేదు. కాసేపటికి, మొహం ఆయనవైపు తిప్పకుండానే అడిగింది.

"ఎంత?"

ఆయన కళ్ళు మూసుకుని లోపలికి విన్నాడు.

"ఒకటి" అన్నాడు. "దిగుదాం పద. వచ్చేవారం ఆరో అరుగు."