పది కాగితాల్లో ఒకే పనస చెట్టు

ఆగండి. పేజీ తిప్పకండి. ఒక్క పది నిమిషాలు కూర్చుని ఈ పదకొండు కాగితాల సంగతి వినండి, తర్వాత మీ ఇష్టం.

రెండు వేల ఇరవై, డిసెంబరు. బళ్లు మూసేసి తొమ్మిది నెలలు కావస్తోంది. అరకులోయలో తన అద్దె గది అరుగు మీద ఫ్లోరెన్స్ టీచరు కాగితాలు ఎండబెట్టింది. వడియాలు కాదు, పిల్లల వర్క్‌షీట్లు! ఎగిరిపోకుండా ఒక్కోదాని మీద ఒక్కో గులకరాయి. కొండ మీది కొర్రాగుడ నుంచి వచ్చిన కాగితాలను రెండు రోజులు ఎండలో ఉంచాకే దిద్దాలని ఆమె తనకు తానే పెట్టుకున్న నియమం. మొదట్లో శానిటైజరు కొట్టి చూసింది. సిరా పాకిపోయి, కూడికలూ తీసివేతలూ ఒకదాన్లో ఒకటి కలిసిపోయి, ఎవరికెన్ని వెయ్యాలో తెలియక అందరికీ పదికి ఏడేసి వేసి ఊరుకుంది. అప్పట్నుంచీ ఎండే.

కొర్రాగుడ వాళ్ల నియమం వాళ్లకుంది. వేసవిలో సంతకెళ్లొచ్చిన ఒక ముసలాయన జ్వరంతో పోయాక ఊరి దారికి అడ్డంగా వెదురు దడి కట్టేశారు. ఎవరూ లోపలికి రాకూడదు, టీచరైనా సరే. ప్రతి సోమవారం ఆమె దడి ఇవతల బండ మీద కొత్త షీట్లు పెట్టి, పది అడుగులు వెనక్కి వేస్తుంది. ఐదో తరగతి సోని బుట్ట పట్టుకొచ్చి, ముందు వాటిని పొగ మీద ఆడించి, అప్పుడు ఊళ్లోకి తీసుకెళ్తుంది. తిరిగొచ్చే కాగితాలకూ పొగ వాసనే. ఆరు నెలలుగా ఆమె కళ్లారా చూసిన పిల్ల సోని ఒక్కతే. మిగతా పది మందీ ఆమెకి చేతిరాతలుగానే మిగిలారు.

ఆ బుధవారం మధ్యాహ్నం ఐదో ప్రశ్న దిద్దుతోంది. ‘మీ గుమ్మంలో కూర్చుంటే ఏం కనిపిస్తుందో గీయండి.’ పాఠ్యపుస్తకంలో లేదు, ఆమే తయారు చేసింది. పిల్లల్ని చూడలేకపోతున్నా, కనీసం వాళ్లు చూసేదైనా చూద్దామని!

గాసి కాగితంలో పనస చెట్టు. ఎడమ వైపు కొమ్మ విరిగి వేలాడుతోంది. బాగుంది, ఎనిమిది వేసింది. ఫల్గుణ కాగితంలోనూ పనస చెట్టు, ఎడమ కొమ్మ విరిగి ఉంది. పక్కిల్లేమో అనుకుంది. బుధు కాగితంలో పనస చెట్టు. నాలుగోది. ఐదోది. ఆమె పెన్ను కింద పెట్టి పదింటినీ అరుగు మీద వరసగా పరిచింది.

రాతలు మాత్రం వేరు వేరు. గాసి పెన్సిలు నొక్కిన చోట ఎప్పట్లాగే కాగితం చిరిగింది. ఫల్గుణ అంకెలు ఎప్పట్లాగే పక్కకి ఒరిగాయి. అన్నీ ఎవరివి వాళ్లవే. కానీ పది మంది పిల్లలు ఒకే గుమ్మంలో కూర్చున్నారు!

పదకొండో కాగితం తీసింది. సోనిది. పేరు తప్ప ఏమీ లేదు.

ఫోన్ మోగింది. హెడ్మాస్టరు జగన్నాథరావు.

“ఏమ్మా ఫ్లోరెన్స్, నీ ఊరి మార్కులొక్కటే పెండింగు. ఐదింటికి అప్‌లోడ్ మూసేస్తారు, నా ప్రాణం తియ్యకు తల్లీ.”

“సార్, పది మంది షీట్లూ ఒక్క పిల్లే రాసింది సార్. ఎవరి రాత వాళ్లదిలాగే దింపేసింది.”

అవతల తలుపు వేసిన చప్పుడైంది.

“ఈ మాట నువ్వనలేదు, నేను వినలేదు. మార్కు వెయ్, లేదా పేరు తీసెయ్. పేరు తీస్తే ఆ పిల్లలకి బడి ఇచ్చే బియ్యం, గుడ్లు ఆగిపోతాయి, అది నీకూ తెలుసు. షీటు ఇచ్చిన వాళ్లకే సామాన్లని ఊరూరా చెప్పేశాను.”

ఆ రూలు ఆయన పెట్టిందే. పెట్టినప్పుడు ఫ్లోరెన్స్ నోరెత్తలేదు.

కాగితాలు సంచిలో వేసుకుని బయల్దేరి, స్కూటీ తారు రోడ్డు చివర ఆపి, మాస్కు మూతికి అంటుకుపోతుంటే అరగంట కొండెక్కింది. దడి దగ్గరికి చేరేసరికి మూడున్నర దాటింది. అవతల ఎండలో కూర్చుని సోని తాత మంగ్లు చుట్ట కాలుస్తున్నాడు.

“ఏటి టీచరమ్మా, సోమారం కాదు గదా ఇయ్యాల? దినాలు మరిసిపోనావేటి?”

“గాసిని పిలు తాతా. ఫల్గుణని, బుధుని. అందర్నీ పిలు.”

మంగ్లు చుట్ట నేలకి రాసి ఆర్పాడు. పిలవలేదు. ఊరి వైపు చూశాడు. ఒక్క పిల్ల గొంతూ లేదు, కోళ్లే తిరుగుతున్నాయి.

“దీపావళి కాడి నుంచి ఆ కొండవతల కాఫీ తోటలోన ఉన్నారమ్మా, అమ్మా అయ్యల్తోటి. పళ్లు కోత్తన్నారు. పెద్దోళ్లకి రోజుకి రెండొందలు, గుంట పిల్లలకి నూరు. సిన్న సేతులు బేగి కోత్తాయంట, కూలి మేస్త్రీ అడిగి మరీ తీసుకెల్లినాడు. ఇస్కూలు నేదు గదా అన్నాడు. నేదు గదా మరి?”

అంటే ఐదు వారాలు. ఆ ఐదు వారాలూ ఫ్లోరెన్స్ మార్కులు వేస్తూనే ఉంది. గాసికి రెండు సార్లు ‘శభాష్’ అని కూడా రాసింది.

సోని వచ్చింది. పదేళ్ల గుంట. వీపున పసివాడు, వెనకాల నడక నేర్చిన మరో ఇద్దరు. తల్లులు తోటకి పోతే ఊళ్లో పసిపిల్లలందరూ ఆమె మీదే. టీచరు సంచిలోని కాగితాలు చూడగానే ఆమెకి అర్థమైపోయింది.

“పనస సెట్టు కాడ దొరికిపోనానా టీచరమ్మా?”

“ఎందుకు రాశావే?”

“రాయకపోతే సామాన్లు రావంట గదా. ఆ గుడ్లు ఈలే తింతన్నారు.” వీపు మీదున్న వాణ్ణి చూపించింది. “గాసిగాడికి శభాష్ వచ్చిందని కబురంపినాను. ఆడు తోటలోన ఎగిరినాడంట. రాసింది నానని ఆడికి తెలీదేటి?”

మంగ్లు నవ్వబోయి ఆగిపోయాడు. ఫ్లోరెన్స్‌కి నవ్వు రాలేదు.

“మరి నీదెందుకు రాయలేదు?”

“నాకొచ్చు గదా, ఆకర్న రాద్దారని ఉంచినాను. ఈడు ఏడుత్తానే ఉన్నాడు, పొద్దుపోనాది.”

మంగ్లు దడి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

“ఇంకోటి సెప్పాల. బుధుగాడు పళ్ల బస్తాతో జారి పడిపోనాడు. కాలిరిగింది. తోటలోనే ఆకు పసరు కట్టినారు. ఆసుపత్రికంటే మేస్త్రీ ఒప్పుకోడు. గుంటల్ని పన్లో ఎట్టినట్టు తెలుత్తాది గదా. ఎవులైనా అడిగితే ఆడు ఇంటికాడ సదువుకుంటన్నాడని సెప్పమన్నాడు.”

ఫ్లోరెన్స్ సంచిలోంచి బుధు కాగితం తీసింది. కాలు విరిగి ఆకు కట్టుతో పడుకున్న పిల్లాడు, ఇక్కడ గుమ్మంలో కూర్చుని పనస చెట్టు గీశాడు. ఎంత ఓపిగ్గా గీశాడు! ఆకు ఆకునా గీత. మేస్త్రీకి ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. దాని మీద ఎర్ర పెన్నుతో తన సంతకం పడటమే తక్కువ.

పేరు తీసేస్తే? ఈ పిల్లాడు బళ్లో లేడని కాగితం మీదికి వస్తుంది. ఎవరో ఒకరు ఎక్కడున్నాడని అడగొచ్చు, తోట దాకా వెళ్లొచ్చు. వెళ్లకపోనూ వచ్చు. బియ్యం, గుడ్లు మాత్రం రేపట్నుంచే ఆగిపోతాయి. అది ఖాయం.

గడియారం చూసుకుంది. నాలుగు పది. సిగ్నల్ కావాలంటే మళ్లీ తారు రోడ్డు దాకా దిగాలి.

ఖాళీ కాగితం, పెన్సిలు దడి సందులోంచి అందించింది. మొదటిసారి పది అడుగులు వెనక్కి వెయ్యడం మరిచిపోయింది.

“ముందు నీది రాయి సోనీ. ఒక్క మార్కయినా నిజమైంది వేస్తాను.”

సోని కాగితం వైపు చూసింది. ఆరు నెలల్లో టీచరు ఏం చెప్పినా ‘అలగేనండి’ తప్ప ఇంకో మాట అనని పిల్ల. చేతులు రెండూ వెనక్కి, వీపున ఉన్న పసివాడి కిందికి పోనిచ్చింది.

“రాయను.”

“ఏంటీ?”

“ఆళ్లయి ఏసినాకే నాది రాత్తాను. ఆళ్ల పేర్లు కొట్టీసి నాకొక్కదానికే మార్కులేత్తే, నానెందుకు రాయాల? మరి బుధుగాడి కాలు? అదీ మీరే సూడాల. మీరు టీచరమ్మ గదా!”

పెన్సిలు దడి సందులోంచి జారి బండ మీద పడింది. ఎవరూ తియ్యలేదు. కింద లోయలో కిరండూల్ రైలు సొరంగంలో దూరుతూ కూత పెట్టింది. ఫ్లోరెన్స్ బండ మీద కూర్చుని మార్కుల జాబితా ఒళ్లో పరుచుకుంది. పేర్లన్నీ ఉన్నాయి. బుధు పేరు ఎదురుగా గడి ఖాళీగా ఉంది. దడి అవతల ఆ గుంట కళ్లార్పకుండా పెన్ను ములుకు వైపే చూస్తోంది.

ఎనిమిది వేస్తే బుధు కాలు విరగలేదు. పేరు కొట్టేస్తే ఆ వీపు మీది పసివాడికి రేపట్నుంచి గుడ్డు లేదు. మీరు చెప్పండి. ఎర్ర పెన్ను మీ చేతిలో ఉంటే, ఆ గడిలో ఏం వేస్తారు?