అయస్కాంతం జారిన చోటు

ఇలా రావే చిట్టీ, ఆ కుర్చీ నా మోకాలికి తగిలేంత దగ్గరగా లాక్కుని కూర్చో. నా కుట్టుపెట్టెలో గుడ్డ చుట్టిన అయస్కాంతం ఎందుకుందని అడిగావుగా! సూదులేరడానికి కాదు. అది మీ అమ్మ సంపాదించింది. షెడ్డులో ఉన్న మన గుండ్రటి ముక్కు కారు వల్ల వచ్చింది.

మీ తాత డెంటింగు మేస్త్రి. సొట్టపడ్డ కారు రేకుని సుత్తితో కొట్టి మళ్లీ నునుపు తేవడం ఆయన పని. బయటినుంచి ఆయన సుత్తి, లోపలినుంచి నేను పట్టుకున్న ఇనుప దిమ్మ, మధ్యలో రేకు. దెబ్బ దిమ్మ మీద సరిగ్గా పడితే ‘ఠంగు’మనేది, తప్పితే ‘దబ్బు’మనేది. నా చదువు మూడో తరగతితో సరి గానీ, ఆ చప్పుళ్ల తేడా నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

ఆ పాత కారు తుక్కు కింద పోతుంటే తెచ్చుకుని, ఆదివారాలన్నీ దానికే ధారపోశాడాయన. చివరి ఏడాది వెనక్కొస్తున్న లారీ తగిలి ఎడమ మడ్గార్డు ముడతలు పడితే, ఊడదీసి బల్ల మీద పెట్టాడు. ఆ వారమే పోయాడు.

అప్పటికి మీ అమ్మకి ఇరవై రెండు. పని తండ్రి దగ్గరే నేర్చుకుంది. కానీ బండి తెచ్చినవాళ్లు లోపలికి తొంగిచూసి “మేస్త్రి లేడా?” అనేవాళ్లు. “నేనే మేస్త్రిని” అని ఇది అంటే, నవ్వి బండి తిప్పుకుపోయేవాళ్లు. రెండు నెలలు ఒక్క పని రాలేదు. ఇంతలో పాత కార్ల ప్రదర్శన పోటీ మూడు వారాల్లో ఉందని తెలిసింది.

“అక్కడ నాన్న కారు నిలబెడతానమ్మా. నా చేతిపని చూశాక కూడా నమ్మకపోతే అప్పుడు షెడ్డుకి తాళం వేద్దాం” అంది.

మన షెడ్డుకి ప్రతి ఆదివారం పాత కార్ల పిచ్చివాళ్లిద్దరు వచ్చేవాళ్లు. ఒకాయన పళ్ల డాక్టరు. ఆయనకి కారంటే అందం.

“ఇప్పటివీ కార్లేనా అక్కయ్యగారూ! అన్నీ అరిగిపోయిన సబ్బుబిళ్లలు. దీని ముక్కు చూడండి, ఎదురొస్తుంటే పలకరిస్తున్నట్టుంటుంది.”

రెండోవాడు వయసులో ఉండగా పందేల్లో కారు నడిపాడు. అందరూ స్పీడన్న అనేవాళ్లు.

“పలకరిస్తే సరా? పరిగెత్తద్దూ? గాలిని కోసుకుపోయేదే అందం. మీ గుండ్రటి ముక్కు మలుపు తిరిగేలోపు నేను టీ తాగొస్తా.”

“ఆఖరి పందెంలో గడ్డిమోపుల్లోంచి నిన్ను బయటికి లాగింది నేనేనోయ్!”

అలా వాదించుకునే ఇద్దరూ మీ అమ్మకి సలహా ఇవ్వడంలో మాత్రం పోటీపడ్డారు.

“సొట్టలో లప్పం ముద్ద పూసి రంగు కొట్టెయ్యమ్మాయ్, ఎవడికి తెలుస్తుంది?” అన్నాడు డాక్టరు.

“పుచ్చుపన్ను పూడ్చినట్టా డాక్టరుగారూ? అక్కడ జడ్జి అయస్కాంతం పెట్టి చూస్తాడట. రేకైతే పట్టుకుంటుంది, లప్పమైతే జారిపోతుంది.”

“అయితే ఫైబరుది బిగించెయ్ చెల్లెమ్మా, బరువూ తగ్గుతుంది.”

“దానికసలు అంటుకోదన్నా! నాన్న రేకుతో మొదలెట్టాడు, రేకుతోనే అవుతుంది.”

అయస్కాంతం మాట వినగానే నేను కారు కుడివైపుకి వెళ్లి, దీపం పక్కన కొంగుతో తుడవడం మొదలుపెట్టాను.

పనిలోకి దిగాం. దాని చేతిలో సుత్తి, నా చేతిలో దిమ్మ. పంతం కొద్దీ అతిగా కొట్టేసింది. రేకు సాగిపోయి, నొక్కితే డబ్బామూతలా లోపలికీ బయటికీ టిక్కుటిక్కుమంది. సుత్తి విసిరేసి గోడకేసి తిరిగి నిలబడింది. “మీ నాన్నకీ ఇలా అయ్యేదే. సాగినచోట వేడిచేసి తడిగుడ్డ వత్తేవాడు, ముడుచుకునేది” అన్నాను. గిరుక్కున తిరిగి, “ఈ మాట మొన్ననే చెప్పొచ్చుగా!” అంది. “మొన్న నువ్వు వినేలా ఉన్నావా?” అన్నాను. మూడో వారం చివరికి, కళ్లు మూసుకుని అరచేత్తో తడిమితే ఎక్కడా తట్టుకోలేదు. రంగు వేసి బిగించాం.

ప్రదర్శనలో జడ్జి గొడుగుకర్రలా సన్నటి పెద్దమనిషి. ఎడమ మడ్గార్డంతా అయస్కాంతం పాకించాడు. జలగలా పట్టుకుంది. డాక్టరూ స్పీడన్నా ఒకరి భుజం ఒకరు చరుచుకున్నారు. జడ్జి అటు తిరిగి కుడివైపు పెట్టాడు. దీపం పక్కన అయస్కాంతం జారి టపీమని నేలమీద పడింది.

నాకు తెలుసే చిట్టీ. మీ అమ్మ పుట్టిన రోజది. నొప్పులతో నేను ఆస్పత్రిలో ఉన్నాను, దిమ్మ పట్టేవాళ్లు లేరు. బిడ్డని మెరిసే కారులోనే ఇంటికి తేవాలని మీ తాత పట్టుదల. అరచేతంత సొట్టని లప్పంతో పూడ్చి రంగేశాడు. తర్వాత గీకి సరిచేస్తానంటూనే ఉండిపోయాడు. ఆయన పనిలో లోటుందని కూతురితో చెప్పడానికి నాకు నోరు రాలేదు. అదే ఇప్పుడు నలుగురిలో బయటపడింది.

“ఇదెవరు చేశారు?” అన్నాడు జడ్జి.

మీ అమ్మ నా మొహం చూసింది. దానికి అర్థమైపోయింది.

“మా షెడ్డులో చేసిందేనండీ. ఇప్పుడే సరిచేస్తాను.”

“చేసినా మార్కులు మారవమ్మా.”

“మార్కులు మీరే ఉంచుకోండి” అని డిక్కీలోంచి పనిముట్లు తీసింది. మెరిసే రంగు మీద ఉలి ఆనించి బరబరా గీకింది. డాక్టరు కళ్లు మూసుకున్నాడు. “అమ్మా, దిమ్మ!” అంది. నేను పట్టుచీర కుచ్చిళ్లు ఎగదోపి, చక్రం పక్కనుంచి చెయ్యి లోపలికి దూర్చాను. ఇరవై రెండేళ్ల కిందట నేను పట్టాల్సిన దిమ్మ! ఠంగు, ఠంగు, ఠంగు. ఒక్క దెబ్బా దబ్బుమనలేదు. చుట్టూ జనం మూగి, సాయంత్రం దాకా కదల్లేదు. చివర్లో జడ్జే వచ్చి అయస్కాంతం పెట్టాడు. పట్టుకుంది.

బహుమతి ఇంకెవరికో వెళ్లింది. సోమవారం పొద్దున్నే షెడ్డు ముందు ఒక పాత కారు ఆగింది. జడ్జి దిగాడు.

“మేస్త్రమ్మా, పదేళ్లుగా ఊరందరి కార్లకీ ఇది పెట్టి చూశాను, నా కారుకి పెట్టడానికి ధైర్యం చాల్లేదు. ఎక్కడ జారుతుందో నువ్వే చూడు” అని దీన్ని మీ అమ్మ చేతిలో పెట్టాడు. ఏడుచోట్ల జారింది! ఆ ఏడూ తీసేసరికి షెడ్డు బయట మరో మూడు కార్లు నిలబడ్డాయి.

ఆ అరచేతంత చోట మీ అమ్మ ఇప్పటికీ రంగు వెయ్యలేదు, తుప్పు పట్టకుండా నూనె రాస్తుందంతే. రేపు నీ పిల్లలు అదేంటని అడిగితే, ఈ అయస్కాంతం వాళ్ల చేతిలో పెట్టి ఇదంతా చెప్పు తల్లీ. లప్పం సంగతి మాత్రం మింగెయ్యకు. తాత పెట్టాడనీ, అమ్మమ్మ దాచిందనీ, అమ్మ గీకిందనీ మూడూ చెప్పు.